ఆ పక్క పాలు

మా అత్తయ్య నా ఎడమ రొమ్ము మీద చేతి వెనకవైపు ఆనించి చూసి, "పొదుగువాపు" అంది. మా ఆయన అక్కడే ఉన్నాడు. నవ్వాలో వద్దో తెలియక కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకైతే నవ్వు రాలేదు. ఆవుల గురించి అనే ఆ మాట అత్తయ్య నోటి నుంచి వచ్చిందంటే దానర్థం ఏమిటో మా షెడ్డులో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు.

మాది పాల షెడ్డు. ఊరి చివర రేకుల కప్పు, దాని కింద రెండు వరసల ఆవులు, మధ్యలో సిమెంటు కాలవ. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక్క తలుపే అడ్డం. పితకడం, ఆవుల బాగోగులు చూడడం అత్తయ్య వంతు. క్యాన్లు వ్యానులో వేసుకుని దుకాణాలకు పోసి రావడం మా ఆయన వంతు. అత్తయ్యను అందరూ షెడ్డమ్మ అంటారు. ఎంత బెదురు ఆవైనా ఆవిడ చెయ్యి తగిలితే చేపి పాలు వదులుతుంది. నేను పెళ్ళికి ముందు చెప్పుల దుకాణంలో పనిచేసేదాన్ని. పాలంటే ప్యాకెట్టు కొస కత్తిరిస్తే వచ్చేవని మాత్రమే తెలుసు. ఈ ఇంటికి వచ్చాక పాల గురించి నేను నేర్చుకున్నదంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, బాలింతకు చెప్పాల్సినవి చెప్పడానికి వేరే మనిషి కూడా లేదు.

పాపకు మెడ నిలుస్తోందనగానే నేను మళ్ళీ షెడ్డులోకి దిగాను. నన్నెవరూ దిగమనలేదు. ఇంట్లో కూర్చుంటే నాకే తోచలేదు. రబ్బరు ఆప్రాన్ కట్టుకుని, జారిపోకుండా దాని పట్టీ ఛాతీకి అడ్డంగా బిగించి లాగాను. ఆ పూటే పాప కూడా ఏమీ ఎరగనట్టు పడుకుని నిద్రపోయింది, పాలకు లేవలేదు. సాయంత్రానికి చంక కింద నిమ్మకాయంత గట్టిగా చేతికి తగిలింది. పాలు కట్టాయిలే, పాప తాగితే పోతుంది అనుకున్నాను. తెల్లారేసరికి ఆ మేరంతా ఎర్రబడి, చెయ్యెత్తి జడ వేసుకోవడం కూడా కష్టమైపోయింది. అప్పుడు చెప్పాను అత్తయ్యకు.

ఆవిడ షెడ్డులోంచి నల్ల పళ్ళెం తెచ్చింది. పితికే ముందు ప్రతి ఆవు మొదటి ధారలు మేము ఆ పళ్ళెంలోకే పిండి చూస్తాం. నలుపు మీద తెల్ల పలుకులు కనిపిస్తే ఆ పొదుగులో వాపు ఉన్నట్టు. పళ్ళేన్ని వేడినీళ్ళతో కడిగి నా ఒళ్ళో పెట్టి, రెండు వేళ్ళతో నొక్కింది. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. పాలతో పాటు సన్నటి తునకలు రెండు మూడు పడ్డాయి. అత్తయ్య పళ్ళేన్ని వెలుతురుకు వంచి చూసింది. కోడలి పాలను పళ్ళెంలో పోసి చూస్తున్నామన్న మొహమాటం ఆవిడ ముఖంలో ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు. నేనూ పలుకుల కోసమే చూశాను.

"ఈ పక్క పిల్లకి పట్టకు. తగ్గేదాకా ఒక్క చుక్క కూడా వద్దు" అంది.

నేను ఎదురు చెప్పలేదు. ఎందుకు చెబుతాను? వాపొచ్చిన ఆవు పాలు మేము దూడకు పట్టం. వేరే బకెట్లోకి పిండి కాలవలో పారబోస్తాం. కిందటేడు కొత్తగా వచ్చిన పనివాడు తెలియక అలాంటి పాలు ఒక దూడకు పోశాడు. అది విరేచనాలతో పారుకుని పారుకుని, కళ్ళు లోపలికి పోయి, అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకునే పోయింది. ఆ దూడ కళ్ళు నేను చూశాను. నా పాప కళ్ళు అలా అవుతాయేమోనన్న ఊహకే పాపను ఎత్తుకుని కుడి పక్కకు ఆనించుకున్నాను.

షెడ్డులో ఇంకో సూత్రం ఉంది. వాపున్న పొదుగులో పాలు నిలవ ఉండకూడదు, చివరి చుక్కదాకా పిండెయ్యాలి. అత్తయ్య వేడినీళ్ళలో ముంచిన గుడ్డ వేసి, గడ్డ మీద బొటనవేలు ఆనించి, మొన వైపు తోస్తూ పిండేది. కాలు విసిరే ఆవుకైతే కాళ్ళకు పలుపు కడతాం. నాకు మంచం పట్టె ఉంది, దాన్ని పట్టుకున్నాను. పళ్ళు బిగబట్టినా అరుపు ఆగేది కాదు. తలుపవతల ఆవులు ఆ అరుపుకి చెవులు రిక్కించేవట. అది మా ఆయన చెప్పాడు, నన్ను నవ్విద్దామని. ఆ మనిషికి బాధ కలిగితే జోకు వస్తుంది. మామూలుగానైతే నాకు అది ఇష్టమే. అప్పుడు మాత్రం చేతికి అందింది విసిరాను. అదృష్టం కొద్దీ అది తువ్వాలు.

పిండడం అయ్యాక ఆవిడ గిన్నె పట్టుకెళ్ళి కాలవలో వంచేది. మంచం మీద నుంచి నాకు తలుపు సందులో అంతా కనబడేది. నా ప్రాణాలు తోడి తీసిన పాలు పేడనీళ్ళలో తెల్లగా సాగి, జాలీ దగ్గర సుడి తిరిగి పోయేవి. ఇక్కడేమో పాప ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు విన్నప్పుడల్లా రొమ్ములు రెండూ ఒకేసారి చేపుకొచ్చేవి. వాటికేం తెలుసు, ఏ పక్క నిషేధమో.

కుడి పక్క ఒక్కటే పాపకు సరిపోలేదు. తాగేది, అయిపోయేది, మళ్ళీ వెతుక్కునేది, దొరక్క నా మీద కోపంతో పిడికిళ్ళు బిగించేది. అత్తయ్య బజారుకు వెళ్ళి పాలపొడి డబ్బా కొనుక్కొచ్చింది. ఇది మామూలు విషయం కాదు. ఎవరింట్లోనైనా పాలపొడి టీ ఇస్తే కప్పు అక్కడే పెట్టి లేచి వచ్చే మనిషి ఆవిడ. ఆ డబ్బాను కొంగు చాటున పెట్టుకుని, దొంగతనం చేసినట్టు ఇంట్లోకి వచ్చింది. తీరా చేసి పాప ఆ సీసా పీకను నాలుకతో బయటికి తోసేసింది. చెంచాతో పోస్తే ఉమ్మేసింది. పంతంలో నాయనమ్మకు ఏమీ తీసిపోదు.

ఇక గడ్డ సంగతి. అది తగ్గాలి కదా, ఇంత చేశాం కదా? పిండే కొద్దీ ఊరింది. ఊరే కొద్దీ బిగుసుకుంది. మొదటి గడ్డ పక్కన ఇంకోటి లేచింది. పైన చర్మం నిగనిగలాడుతూ, నిప్పు మీద నుంచి దించిన గిన్నెలా కాలుతోంది. లోపల ఇంకా ఉండిపోయిందంటూ అత్తయ్య ఇంకా లోతుగా నొక్కింది. ఆవిడ వేళ్ళ గుర్తులు నీలంగా తేలాయి. నాకు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయేది. అంతలోనే ఆవిడే లేకపోతే నా గతేమిటని భయం వేసేది. నొక్కుతున్నప్పుడు ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగేవి, భుజంతో తుడుచుకుని మళ్ళీ నొక్కేది. తిట్టడానికి కూడా వీలు లేకుండా చేసే ప్రేమ అది. అంతకన్నా నరకం ఇంకోటి లేదు.

తర్వాత చలి పట్టుకుంది. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకమన్నాయి. ఒళ్ళు కాలిపోయింది. పాపను ఎత్తుకోవడానికి కూడా చేతులు లేవలేదు. ఆ మగతలోనే విన్నాను, గుమ్మంలో అత్తయ్య మా ఆయనతో మెల్లగా అంటోంది, ఇంక లాభం లేదు, ఆ పక్క పాలు ఎండగట్టేద్దామని. నాకు మెలకువ వచ్చేసింది. షెడ్డులో ఆ మాట తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. వాపు మీద ఎండగట్టిన పొదుగు మళ్ళీ మామూలుగా అవ్వడం నేనెప్పుడూ చూడలేదు. సీసా ముట్టని పిల్ల, ఒక్క పక్కే ఉన్న తల్లి. ఆ ఒక్క పక్కకీ ఏదైనా అయితే నా పిల్ల ఏం తాగి బతుకుతుంది? నోరు తెరిచి వద్దని అరిచాననుకున్నాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ పొద్దునే పశువుల డాక్టరు ఒక పెయ్యను చూడడానికి వచ్చాడు. అత్తయ్య ఆయన్ను ఆపి, అలమరలోంచి ఒక ట్యూబు తీసి చూపించిందట. ఆవుల పొదుగులోకి ఎక్కించే మందు, పోయినసారిది మిగిలింది. కోడలికి ఎంత మోతాదు వెయ్యాలని అడిగిందట. పాపం, ఆ పెద్దమనిషి చెవులదాకా ఎర్రబడ్డాడట. ఆ ట్యూబు లాక్కుని జేబులో పెట్టుకుని, "నేను చూసేది పశువుల్నమ్మా. ముందు ఆ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడట. ఆయన మాట కాబట్టి అత్తయ్య కాదనలేకపోయింది. నా మాటో, కొడుకు మాటో అయితే చూద్దాంలే అనేది.

మా ఆయన వ్యానులో క్యాన్ల మధ్య పరుపు వేసి నన్ను పడుకోబెట్టాడు. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా క్యాన్లు గణగణమనేవి, నేను అరిచేదాన్ని, పాప అత్తయ్య ఒళ్ళో ఉలిక్కిపడేది. ఆ దారిలో మా ఆయన ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు నా రొమ్ము చూసి, ముందు ఆ నీలం మచ్చలేమిటని అడిగింది. అత్తయ్య తల ఎత్తుకునే చెప్పింది, తనే పిండానని, చివరి చుక్కదాకా. డాక్టరు ఏదో చల్లటి జిగురు రాసి, మిషను ఆనించి చూసి, చీము ఇంకా పట్టలేదు అంది. ఇలాగే ఉంటే మాత్రం పడుతుంది, అప్పుడు కోసి తియ్యాలి. ఇకమీదట నొక్కడం వద్దు, పిండడం వద్దు. పిండే కొద్దీ బిడ్డకు ఇంకా కావాలేమోనని ఒళ్ళు ఇంకా తయారు చేస్తుంది. వేడి గుడ్డ కాదు, చల్లటి గుడ్డ. జ్వరానికీ వాపుకీ మాత్రలు. ఇంత వరకూ నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఆవిడ, పాప ఎప్పుడు అడిగితే అప్పుడు పట్టమంది, రెండు పక్కలా.

"ఈ పక్క కూడానా?" అన్నాను.

ఈ పక్క కూడా అంది. ఆ పాలతో బిడ్డకు ఏమీ కాదు అంది. అప్పుడు నేను మొత్తం చెప్పేశాను. నల్ల పళ్ళెం, పలుకులు, కాలవ, ఆ దూడ, దాని కళ్ళు. చెబుతుంటే నా మాటలు నాకే పిచ్చిదానివిలా వినిపించాయి. డాక్టరు అంతా విని, నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆవువి కాదమ్మా" అంది.

ఒడిలో పళ్ళెం పెట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అవమానంతో కాదు. ఆ మాట ఎవరైనా ఒకరు అంటే బాగుండునని ఇన్నాళ్ళూ ఎదురు చూశానని, విన్నాక గాని నాకు తెలియలేదు. అత్తయ్య మాత్రం మూతి బిగించుకుని గది బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ నోరు విప్పింది. ఆ డాక్టరమ్మ జన్మలో ఒక పొదుగు ముట్టుకుందా అంది. పాలు ఎక్కడైనా పాలే, ఒంట్లో చెడు ఉంటే పాలలోకి దిగకుండా ఎక్కడికి పోతుంది అంది. మా ఆయన "అమ్మా" అనబోతే ఒక్క చూపు చూసింది, అతను వ్యాను తుడవడానికి వెళ్ళిపోయాడు. పాప ఉయ్యాలలో ఏడుస్తోంది. నేను లేచి వెళ్ళేసరికి అత్తయ్య ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది.

"అత్తయ్యా, జరగండి" అన్నాను. ఆవిడతో అలా మాట్లాడడం అదే మొదలు.

"పిల్లకి ఏమన్నా అయితే?"

ఆవిడకు ఎంత భయమో నాకూ అంతే భయం. ఆవిడే కదా నాకు ఆ భయం నేర్పింది. డాక్టరు మాట చెవిలో ఉంది గాని, దూడ కళ్ళు కళ్ళలోనే ఉన్నాయి. ఒక పక్క సలపరం, ఒక పక్క ఆ ఏడుపు. ఉన్నదే చెప్పాను. "నాకు తెలీదు అత్తయ్యా. పాప మాత్రం ఆకలితో ఉంది" అన్నాను. ఆవిడ జరగలేదు. నేనే పక్కనుంచి వంగి, నొప్పికి మూలుగుతూ పాపను తీసుకున్నాను.

గోడకు ఆనుకుని కూర్చుని ఎడమ పక్క అందించాను. పాప ఆత్రంగా పట్టుకుంది, ఒక్కసారి పీల్చింది, ముఖం చిట్లించి వదిలేసింది. మళ్ళీ పెట్టాను. తల తిప్పేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. వాపొచ్చిన పాలు కాస్త ఉప్పగా ఉంటాయని షెడ్డులో అందరికీ తెలుసు. అత్తయ్యకు చెప్పక్కర్లేదు. "పసిదానికి కూడా తెలిసింది" అంది, మెల్లగానే. ఆ మాట నన్ను కోసేసింది. లోకంలో ఇంకెవరు వద్దన్నా నిలబడేదాన్నేమో, పాపే వద్దంటే ఏం చెయ్యను? గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చాను. నా ఏడుపు విని పాప, పాప ఏడుపు విని నేను. ఎవరిని ఎవరు ఊరుకోబెట్టాలో కూడా తెలియని స్థితి.

ఏడ్చి ఏడ్చి పాప అలిసిపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి, పెదాలు మాత్రం ఉత్తినే చప్పరిస్తున్నాయి. ఊపిరి బిగబట్టి, ఆ చప్పరింపులోకే ఎడమ మొనను జార్చాను. పాప కళ్ళు తెరవలేదు. ముఖం చిట్లించింది. వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. ఒకసారి లాగింది. లోపల ఎక్కడో గాజు పెంకు కదిలినట్టయింది. కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. ఇంకోసారి లాగింది. తియ్యనా వద్దా, తియ్యనా వద్దా అనుకుంటూనే ఉన్నాను. అంతలో చేపు వచ్చింది. వేడిగా, ముళ్ళు ముళ్ళుగా, చంక కింద నుంచి మొనదాకా. పాప గొంతులో గుటక పడింది. తర్వాత ఇంకొకటి పడింది.

అత్తయ్య ఆ గుటకల్ని వింటూ నిలబడింది. నా ముఖం చూడలేదు, పాప గొంతునే చూసింది. పాప తాగి, పట్టు సడలి, నోరు తెరుచుకునే నిద్రపోయింది. అత్తయ్య వచ్చి నా చేతుల్లోంచి తీసుకుని ఉయ్యాలలో వేసి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. గడ్డ ఇంకా అలాగే ఉంది. జ్వరం కూడా. నేను ఎడమ పక్క చల్లటి గుడ్డ వేసుకుని ఉయ్యాల వైపే తిరిగి పడుకున్నాను.

సాయంత్రం పితికే వేళయింది. తలుపవతల ఆవులు అరవడం మొదలుపెట్టాయి. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ వేళకు షెడ్డులో లేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. సొంత అక్క పోయిన రోజు కూడా పితికే వెళ్ళింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చి చూసి, తనే బకెట్లు తీసుకుని వెళ్ళాడు. చేపని ఆవులతో అతను పడుతున్న తిప్పలు మాకు వినబడుతూనే ఉన్నాయి. ఆవిడ కదల్లేదు. పాప ఊపిరి చూసేది, పొట్ట మీద చెయ్యి వేసి చూసేది, నుదురు చూసేది. వస్తుందని ఆవిడకు తెలిసిన ఆ పారుడు ఎప్పుడు వస్తుందా అని కూర్చుంది. నేనూ దానికోసమే కళ్ళు తెరుచుకుని పడుకున్నాను.

పాప కదిలింది. గుడ్డ తడిపింది, ముక్కింది. అత్తయ్య గభాల్న లేచి గుడ్డ విప్పి, దీపం కిందికి తీసుకెళ్ళి చూసింది. దూడల పేడను ఎలా చూస్తుందో అలా, అటు తిప్పి ఇటు తిప్పి, వాసన కూడా చూసింది. ఆవిడ చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఆ గుడ్డను బకెట్లో వేసి, పాపను కడిగి, కొత్త గుడ్డ చుట్టింది. ఎలా ఉందని అడిగాను. "ఎప్పటిలాగే ఉంది" అంది.

పాపకు ఆకలేసింది, ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు, జబ్బు ఏడుపు కాదు. ఆ తేడా మా ఇద్దరికీ తెలుసు. అత్తయ్య పాపను ఎత్తుకుని నా మంచం దగ్గరకొచ్చి నిలబడింది. పాల విషయంలో ఊరంతా వచ్చి అడిగితే చెప్పిన మనిషి, ఎవర్నీ ఎప్పుడూ ఏమీ అడగని మనిషి, కాసేపు నా వైపు, కాసేపు పాప వైపు చూసింది.

"ఏ పక్క పెట్టమంటావే అమ్మా?" అంది.

నేను చల్లటి గుడ్డ తీసేశాను.